యాత్రయు పంజరమును

గృహస్థుడు యాత్రకు బయలుదేరునపుడు మూటలు కట్టును, అంగడి లెక్కలు చూచుకొనును, తుదకు ఇంటికి తాళము వేయును. ఈ తొందరలో ఇంటనున్న ఒక చిన్న ప్రాణి మాట అందరికంటె కడపట తలపునకు వచ్చును. దూలమునకు వ్రేలాడు పంజరములోని పక్షియో, గాజుతొట్టిలోని చేపయో, చెక్కపెట్టెలోని కుందేలో యాత్రకు వత్తునని అడుగదు, రానని చెప్పదు. దాని పక్షమున ఇంటివారే నిర్ణయింపవలెను. చూచుటకిది సామాన్యమైన గృహకృత్యము. కాని ఈ చిన్న నిర్ణయములో శ్రావకుని అహింసావ్రతము యొక్క నాణ్యము తేలును.

షోలాపురపు తూర్పు పేటలలో ఈ ప్రశ్న ఏటేట ఎదురగుచున్నది. సాఖర్ పేఠ, దాజీ పేఠ, భవానీ పేఠ, కన్నా చౌక్, అశోక్ చౌక్ వంటి వాడలలో తెలంగాణమునుండి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా చద్దరులును తువ్వాళ్ళును నేయుచున్నవి. 1877లో వెలసిన ఇచ్చటి మొదటి నూలుమిల్లు మూతపడి దశాబ్దములు గడచినను మగ్గముల చప్పుడు ఆగలేదు. చేతిమగ్గముల చోట మరమగ్గములు వచ్చినవి. ఈ మగ్గములకు నూలును రంగులును అందించువారిలోను, నేసిన సరకును కొని దూరదేశములకు పంపువారిలోను జైన వర్తకులు కలరు. వర్తకుని యిల్లును నేతగాని యిల్లును ఒకే సందులో నుండుట కొత్త కాదు. ఒక యింటి పిల్లలు పంజరము తెచ్చుకొన్నచో ప్రక్కయింటి పిల్లలును కావలెనందురు.

వేసవి సెలవులు రాగానే నేతవారు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములలోని స్వగ్రామములకు పోవుదురు. జైన కుటుంబములు కుంథలగిరికో, శ్రవణబెళగొళకో, కొలనుపాకకో తీర్థయాత్ర చేయుదురు. కొందరు చల్లదనము కోరి మహాబలేశ్వరమునకు వెళ్ళుదురు. ఇండ్లు ఖాళీయగును. పంజరములు మాత్రము ఖాళీ కావు.

ఈ ప్రాణులు ఎక్కడివో ముందుగా తెలిసికొనుట మేలు. అంగడిలో లవ్‌బర్డ్స్ అని అమ్ముడగు పచ్చని, నీలపు చిన్న పక్షులలో అధికభాగము నిజమునకు బడ్జెరిగారులు. వాని జన్మభూమి ఆస్ట్రేలియా ఖండపు నడిమి మెట్టసీమ. అచ్చట అవి గుంపులు గుంపులుగా నీటిని వెదకుచు దూరములు పోవును. 1840లో జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వానిని ప్రాణములతో ఇంగ్లండునకు కొనిపోయెను. పిమ్మట వాని సంతతి పంజరములలోనే పెరిగి లోకమంతట వ్యాపించినది. గినీపిగ్ దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల సీమది. హామ్‌స్టర్ సిరియా ప్రాంతపుది. బంగారుచేప చీనాలో శతాబ్దముల పెంపకమువలన పుట్టినది. చెంపలపై ఎర్రచార గల చిన్న తాబేలు అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతమునది. యాత్రకు కొనిపోవలెనా వలదా యని గృహస్థుడు నేడు ఆలోచించు ఈ జీవుల వంశములు ఇదివరకే తమ యిష్టము లేకుండ సముద్రములు దాటి ఒక గొప్ప ప్రయాణము చేసియున్నవి.

దేశీయ ప్రాణుల విషయమున మొదటి ప్రశ్నయే వేరు. రామచిలుక, జినువాయి, నక్షత్ర తాబేలు మొదలగువానిని పట్టుటయు ఇంట నుంచుకొనుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. 2022లో జరిగిన సవరణ తరువాతను వానికి రక్షణ కలదు. తాతల కాలమునుండి ఇంట చిలుక పెరుగుచున్నదను మాట చట్టమునకు సమాధానము కాదు. అట్టి ప్రాణి యింట నున్నచో దానిని రైలులో ఎట్లు కొనిపోవుదుమని విచారించుట మాని, అటవీశాఖవారికి అప్పగించుట కర్తవ్యము. విదేశీయ ప్రాణులలోను ఆఫ్రికా బూడిదరంగు చిలుక, ఇగువానా వంటివి అంతర్జాతీయ వాణిజ్యపు ఒడంబడిక జాబితాల కెక్కినవి. వానిని పెంచువారు 2024 నాటి నియమముల ప్రకారము ప్రభుత్వమునొద్ద నమోదు చేయించుకొనవలెను. బడ్జెరిగారు ఆ జాబితాలలో లేదు. తమ యింటనున్నది ఏ జాతియో తెలియని గృహస్థుడు మూటలు కట్టుటకు ముందు ఆ మాట విచారించుకొనవలెను.

చట్టము చెప్పునది కనిష్ఠ ధర్మము. శ్రావకుని వ్రతము అంతకంటె లోతునకు పోవును. ఉమాస్వామి తత్త్వార్థసూత్రమున అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములను పేర్కొనెను: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. బంధమనగా కట్టుట, నిర్బంధించుట. వధ యనగా ఇచ్చట చంపుట కాదు, కొట్టుట. ఛేదమనగా అవయవములను కోయుట. మిగిలిన రెండును మోయలేని బరువు మోపుటయు, తిండికిని నీటికిని అడ్డుపడుటయు. షోలాపురము ఈ శాస్త్రములకు దూరమైన ఊరు కాదు. జీవరాజ గౌతమచంద దోశీగారి దానముతో ఇచ్చట వెలసిన జైన సంస్కృతి సంరక్షక సంఘము తిలోయపణ్ణత్తి మొదలగు ప్రాచీన గ్రంథములను అచ్చొత్తించి లోకమునకు అందించినది. గ్రంథమును అచ్చొత్తించిన ఊరివారు ఆ గ్రంథముల అర్థమును తమ యింటి పంజరము ముందు నిలిచి పరీక్షించుకొనుట న్యాయము.

మొదటిది బంధము. ఇంటిలో పంజరము కొంత విశాలముగా నున్నను ప్రయాణమునకు అది పనికిరాదని చిన్నపెట్టె తెత్తురు. రెక్కలు విప్పుకొను చోటు సైతము పోవును. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును గూడ ఇచ్చట స్మరింపవచ్చును. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలుగా నుండి ప్రవేశపెట్టిన బిల్లు ఆ చట్టమునకు దారి తీసినది. ప్రాణి కదలుటకు తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరములో నుంచుటయు, బాధ కలుగు రీతిని ఒకచోటినుండి మరియొకచోటికి తరలించుటయు అందు నేరములుగా చెప్పబడినవి.

రెండవది వధ. రైలులో పక్షి అరచినచో తోటి ప్రయాణికులు విసుగుకొందురని పంజరపు చువ్వలను చేతితోనో కర్రతోనో తట్టుట కలదు. దెబ్బ పక్షికి తగలలేదని ఇంటివారు సమాధానపడుదురు. పారిపోవుటకు చోటు లేని జీవికి ఆ చప్పుడే దెబ్బ.

మూడవది ఛేదము. త్రోవలో ఎగిరిపోవునను భయముతో ప్రయాణమునకు ముందు రెక్కలు కత్తిరింతురు. పెరిగిన ఈకకు గోరువలె నొప్పి లేకపోవచ్చును. ఎదుగుచున్న ఈక తెగినచో నెత్తురు కారును. నొప్పి లేనిచోట సైతము పక్షికి ప్రకృతి యిచ్చిన ఒకే ఒక రక్షణ పోవును. పిల్లి వచ్చినను, విసనకఱ్ఱ తిరుగుచున్నను తప్పించుకొనజాలదు.

నాలుగవది అతిభారారోపణము. ముప్పది, నలుబది గ్రాముల పక్షిపై ఎవరును బస్తా మోపరు. కాని ఎండ ఒక బరువు, కుదుపు ఒక బరువు, భయము ఒక బరువు. షోలాపురమున వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటుట అందరెరిగినదే. పక్షులకు చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటయే వానికి శరీరమును చల్లార్చుకొను ముఖ్యమార్గము. కుందేలును, గినీపిగ్గును గూడ వేడిని ఓర్వజాలవు. టిఫినుకొరకు కారును నీడలేనిచోట నిలిపి అద్దములు మూసి పోయినవారు తిరిగివచ్చునప్పటికి లోపలి జీవి ప్రాణములు పోవుటకు ఆ కొద్దిసేపే చాలును.

ఐదవది అన్నపాననిరోధము. ఇది అందరికంటె దయగలవారి చేతనే జరుగుట వింత. పక్షి బెదరకుండుటకు పంజరముపై గుడ్డ కప్పుదురు. ఆ తలంపు మంచిదే. కాని చీకటిలో ఈ చిన్నపక్షులు గింజలను ముట్టవు. ఉదయమునుండి రాత్రివరకు గుడ్డ కప్పియుంచినచో గిన్నెనిండ గింజలుండగనే పక్షి పస్తుండును. శరీరము చిన్నదైనకొలది ఆకలి త్వరగా ప్రాణాంతకమగును. గినీపిగ్ వంటి జంతువునకు గడ్డి యెడతెగక అందుచుండవలెను. కొన్ని గంటలు తినుట మానినను దాని పేగులు మందగించును. ఇచ్చట హింస చేయవలెనను కోరిక ఎవరికిని లేదు. అయినను హింస జరుగును. ప్రమాదముతో కూడిన ప్రవృత్తివలన ప్రాణములకు హాని కలుగుట హింస యని ఉమాస్వామి చేసిన నిర్వచనమున ఆ ప్రమాద శబ్దము ఎంత బరువైనదో దీనివలన తెలియును. శాస్త్రమున ప్రమాదమనగా అజాగ్రత్త. మంచి మనసు అజాగ్రత్తకు మందు కాదు.

ఇంత కష్టమున్నపుడు ప్రాణిని ఇంటనే విడిచి, ఎవరికైన అప్పగించి పోవుట మేలుకదా యని కొందరందురు. అనేక సందర్భములలో అది మేలే. చేపల విషయమున దాదాపు ఎల్లప్పుడును మేలు. ఆరోగ్యముగల పెద్ద బంగారుచేప కొన్ని దినములు మేత లేకయే యుండగలదు. దయతో గుప్పెడు మేత వేసినచో మిగిలినది కుళ్ళి నీరు చెడి అదే దానికి విషమగును. హామ్‌స్టర్ రాత్రి మేల్కొని పగలు నిద్రించు జీవి. పగటి ప్రయాణము దాని నిద్రను చెరచును. తెలిసిన చోట, తెలిసిన చప్పుళ్ళ నడుమ నుండుట చిన్నప్రాణికి ఊరట.

కాని అప్పగింతలో వేరొక ధర్మసూక్ష్మము కలదు. కృతము, కారితము, అనుమోదితము అని శాస్త్రము మూడు చెప్పినది. తాను చేసినదియు, ఇతరులచేత చేయించినదియు, ఇతరులు చేయగా సమ్మతించినదియు ఒకే ఖాతాకు చేరును. పంజరము చేతులు మారినంతమాత్రమున బాధ్యత చేతులు మారదు.

నేతపేటలలో ఈ అప్పగింత ఎట్లు జరుగునో ఆలోచింపవలెను. నూలువర్తకుడు ప్రయాణపు ముందునాటి సాయంకాలము తనయొద్ద అరువుకు నూలు తీసికొను నేతగాని యింటికి పంజరమును పంపును. నాలుగు దినములు చూడుమని చెప్పును. నేతగాడు సరేయనును. ఆ సరే యను మాటకు విలువ యెంత? ఆతనికి వర్తకునియొద్ద బాకీ కలదు. రేపటి నూలునకు అతనినే అడుగవలెను. కాదనుటకు వీలులేని చోట చేసిన కోరిక కోరిక కాదు, ఆజ్ఞ. నేతగాని యింట మగ్గము ముందుగదిలోనే యుండవచ్చును. గాలిలో దూది పోగులు తేలుచుండును. ఆ దుమ్ము మనుష్యుల ఊపిరికే చేటు, పక్షి ఊపిరి మరింత సుకుమారము. ఇంటివారు పగలంతయు మగ్గముపై నుందురు. కండెలు చుట్టు ఇల్లాలికి ఊపిరి సలుపదు. కరెంటు పోయినచో తొట్టిలో గాలినిచ్చు పంపు ఆగిపోవును. ఒకవేళ ఆ ఇల్లాలు పండుగకు పుట్టింటికి పోవలెనని యుండి, సేఠ్‌జీ పక్షి యున్నదని ఆగిపోయినచో ఆ ప్రయాణభంగము ఎవరి లెక్కలో వ్రాయవలెను?

అంతకంటె కఠినమైనది మరియొకటి. నేతగాని యింట పక్షి చచ్చినచో ఆ కుటుంబము ఎన్ని దినములు భయముతో నుండునో వర్తకునకు తెలియదు. కొన్నవారిది కోరిక, చూచినవారిది అపరాధము అన్నట్లగును. కాబట్టి అప్పగించువారు కొన్ని నియమములు పాటింపవలెను. వ్యాపారపు బాకీ లేనివారిని, లేదా నిర్మొహమాటముగా కాదనగలవారిని అడుగవలెను. ప్రయాణమునకు వారముముందే అడుగవలెను. శ్రమకు తగిన ప్రతిఫలము నీయవలెను. మేతను, దాని కొలతను, పశువైద్యుని చిరునామాను వ్రాసి యీయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఎంత జాగ్రత్త పడినను ప్రాణము పోయినచో వారిని ఒక్క మాట అననని ముందుగానే చెప్పి, ఆ మాట నిలుపుకొనవలెను.

వెంట కొనిపోవుటయే తప్పనిచోట సన్నాహము ప్రయాణపు ఉదయమున కాక రెండువారములు ముందుగా ఆరంభింపవలెను. ప్రయాణపు పంజరమును ఇంటనే యుంచి దినదినము కొంతసేపు పక్షిని అందు అలవాటు చేయవలెను. గట్టిగా అమరిన కఱ్ఱకొమ్మ అందుండవలెను. ఊగు ఆటవస్తువులను తీసివేయవలెను. ఇంట తిను గింజలనే వెంట కొనిపోవలెను. కొత్తమేతను త్రోవలో పరీక్షింపరాదు. కదలు బండిలో నీటిగిన్నె తొణకి పక్షిని తడుపును గాన దోసకాయ ముక్కవంటిది ఉంచి, బండి ఆగినప్పుడెల్ల నీరు చూపవలెను. గుడ్డ కప్పినను ఒకప్రక్క వెలుతురు రానీయవలెను. వేకువజామున బయలుదేరి ఎండ ముదురకముందే చేరవలెను. రైలువారి నియమములను, బస చేయు ధర్మశాలవారి సమ్మతిని ముందుగా తెలిసికొనవలెను. అంటుకొనని పూతగల పెనములు మితిమీరి కాగినపుడు వెలువడు పొగ పక్షులను చంపును; కావున వంటచేయుచోట పంజరము నుంచరాదు. గినీపిగ్గునకు విటమిన్ సి దాని శరీరములో పుట్టదు. పచ్చని ఆకుకూరలు ప్రయాణములోను తప్పరాదు. ఇవియన్నియు చిన్నవిషయములుగా కనబడును. అహింస పెద్దమాటలలో కంటె ఇట్టి చిన్నవిషయములలోనే నిలుచును, జారును.

మూడవ ఉపాయము కూడ కొందరికి తోచును: యాత్రకు ముందు పంజరము తలుపు తీసి విడిచిపెట్టినచో బంధవిమోచన పుణ్యము, యాత్రాపుణ్యము రెండును దక్కునుకదా యని. ఇది వినసొంపైన మాటయే గాని ఆ ప్రాణికి మృత్యువు. పంజరములో పుట్టిన బడ్జెరిగారునకు షోలాపురపు ఆకాశమున మేత వెదకుట తెలియదు. కాకులకును డేగలకును అది సులభముగా చిక్కును. ఎర్రచారల తాబేలును సిద్ధేశ్వరుని చెరువువంటి జలాశయములో విడిచినచో అది బ్రతుకవచ్చును. అప్పుడు చెరువులోని దేశీయ తాబేళ్ళ మేతను, ఎండకాగు చోటును అది ఆక్రమించును. రూపాయి నాణెమువలె చిన్నదిగా కొన్న ఆ తాబేలు ఒక అడుగు పొడవువరకు పెరిగి, ఇరువది ముప్పది యేండ్లు బ్రతుకును. లోకములోని మిక్కిలి చేటుచేయు నూరు పరదేశి జాతుల జాబితాలో అది చేర్పబడినది. ఒక ప్రాణికి చేసిన దయ పెక్కు ప్రాణులకు హింసయగుట వివేకము లేకపోవుటవలన.

పర్వదినములలో పక్షులను కొని విడిపించువారును ఈ మాటను తలపవలెను. విడిపింపబడు ప్రతి పక్షికిని ధర వచ్చుచున్నదని తెలిసిన వేటగాడు మరల వల పన్నును. ఢిల్లీలో ఎర్రకోట కెదురుగానున్న దిగంబర జైన లాల్ మందిరమున జైనులు నడుపుచున్న పక్షుల వైద్యశాల ప్రఖ్యాతి గాంచినది. గాలిపటపు దారములచేతను, విసనకఱ్ఱలచేతను గాయపడిన పక్షులకు అచ్చట ఉచితముగా చికిత్స చేసి, ఎగురు శక్తి వచ్చిన పిదప విడిచిపెట్టుదురు. ఆ విడుపులో కొనుగోలు లేదు. శక్తి వచ్చువరకు ఓర్పు కలదు. పక్షిని విడుచుటకును వదలించుకొనుటకును గల భేదము అదే.

కొనిపోవుటలో ఒక హింస, విడిచిపోవుటలో ఒక హింస, వదలివేయుటలో మరియొక హింస. మూడుత్రోవలును ముళ్ళతో నిండినపుడు ఆ ముళ్ళు త్రోవలో పుట్టినవి కావనియు, బయలుదేరిన చోటనే పుట్టినవనియు గ్రహింపవలెను. యాత్ర పంజరమును దుఃఖమయముగా చేయలేదు. నిత్యము కన్నులయెదుట నుండుటవలన కనబడని బంధమును కనబరచినది. పక్షిని బంధించినవాడు తానును బద్ధుడగును. కుంథలగిరిమీద కులభూషణ, దేశభూషణుల సన్నిధిని నిలిచియు ఇంటి పంజరములో నీరున్నదో లేదోయని కలతపడు మనస్సు దానికి సాక్షి. పరిగ్రహమును లెక్కించునపుడు ద్విపదములను, చతుష్పదములను గూడ శాస్త్రము చేర్చుటలోని అర్థము ఇట్టిచోట స్పష్టమగును.

వర్తకులు గమనింపదగిన మాట మరియొకటి కలదు. హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున శ్రావకునకు తగని పదునైదు వృత్తులను వివరించుచు అసతీపోషణమను దానిలో ధనముకొరకు గోరువంకలను, చిలుకలను, పిల్లులను, కుక్కలను, కోళ్ళను, నెమళ్ళను పెంచుటను చేర్చెను. అక్కడ చెప్పినది అమ్మువాని మాట. ఇంట ముద్దుకు పెంచువాని మాట కాదు. అయినను కొనువాడు లేనిదే అమ్మువాడు లేడని వర్తకునకు వేరుగా చెప్పనక్కరలేదు. తాను అంగడిలో పెట్టి అమ్మ నొల్లని సరకును తన పిల్లలకొరకు కొనుట ఎట్లు సమంజసమో ప్రతి కుటుంబమును విచారించుకొనవలెను.

పిల్లలకు జీవదయ అలవడుటకు ఇంట ఒక ప్రాణి యుండవలెనను వాదము తీసివేయదగినది కాదు. ప్రతి ఉదయము గింజలుపోయు బాలునకు తనకంటె చిన్నదాని ఆకలి తెలియును. కాని ఆ బాలుడే చువ్వల వెనుకనున్న జీవిని తన సొత్తని నేర్చుకొనుచున్నాడు. దయయు, స్వామిత్వమును ఒకే గిన్నెలో కలిపి పోసినచో ఏది వంటబట్టునో చెప్పలేము. తెలుగువారి యిండ్లలో వరికంకులను కుచ్చుగా అల్లి చూరునకు కట్టు ఆచారము కలదు. పిచ్చుకలు వచ్చి గింజలు తిని పోవును. వానికి పేరు లేదు, పంజరము లేదు, ధర లేదు. వేసవిలో డాబాపై మట్టిమూకుడులో నీరుంచినచో బాలునకు కావలసిన పాఠమంతయు అందే కలదు. ఆ యింటివారు యాత్రకు పోయినచో పిచ్చుక మరియొక చూరునకు పోవును.

అట్లని ఇప్పటికే యింటనున్న జీవిని బరువుగా తలచుట తగదు. అది తనంతట తాను రాలేదు. వర్తకుడు న్యాసమును, అనగా తనయొద్ద దాచిన సొమ్మును, అపహరించుట సత్యవ్రతమునకు అతిచారమని తెలిసినవాడు. పొరుగువాడు దాచిన నూరు రూపాయలను యాత్రకు పోవుచు వీధిలో పెట్టి పోడు. ఇంట చేర్చుకొన్న ప్రాణము అంతకంటె గొప్ప న్యాసము. పత్రము లేదు, సాక్షి లేడు, అడుగుటకు నోరు లేదు. ఆయువు తీరువరకు దానిని కాపాడి ఆ ఋణమును తీర్చుకొనవలెను. బడ్జెరిగారు అయిదు, పది యేండ్లు బ్రతుకును. అన్నియేండ్లు ప్రతి వేసవికిని ఈ ప్రశ్న మరల వచ్చునని తెలిసియే దానిని ఉంచుకొనవలెను. అది పోయిన పిమ్మట ఖాళీ పంజరమును మరల నింపకుండుట వ్రతముగా గ్రహింపవచ్చును.

మరి తగిన ఏర్పాటు కుదరనిచో ఏమి చేయవలెను? వెంట కొనిపోవుటకు ఎండ తీవ్రము. అప్పగించుటకు నమ్మదగినవారు లేరు. టిక్కెట్లు కొని యున్నవి. ఇట్టిచోట చిన్నప్రాణికొరకు తీర్థయాత్రను ఆపుకొనుట పరిహాసాస్పదమని లోకమనును. నేమినాథస్వామి చరిత్ర దీనికి సమాధానము. వివాహమునకై రథమెక్కి పోవుచు ఆయన దొడ్డిలో బంధింపబడిన మూగజీవుల ఆక్రందనము వినెను. అవి తన పెండ్లి విందుకొరకు తెచ్చినవని తెలిసినది. బంధించినవాడు తాను కాడు, బంధింపుమన్నవాడును తాను కాడు. అయినను తన నిమిత్తమున బంధింపబడినవని తెలిసినంతనే రథమును మరల్చెను. అంతటి ఉత్సవయాత్ర మూగజీవులకొరకు ఆగిన ధర్మములో, నాలుగుదినముల విహారమునో, తీర్థదర్శనమునో ఒక పక్షముపాటు వాయిదా వేయుట అసాధ్యము కాదు. ఇంటిల్లిపాది ఆగనక్కరలేదు, ఒకరు ఆగినను చాలును. అందరును కొండయెక్కి దర్శనము చేయుచుండగా ఇంట నిలిచి ఉదయము గింజలు పోసి, నీరు మార్చి, ఎండ తగులకుండ పంజరమును జరిపినవారు యాత్రాఫలమును పోగొట్టుకొన్నవారు కారు.

రాబోవు సెలవులకు సిద్ధమగు ప్రతి శ్రావక కుటుంబమును మూటలు కట్టుటకు ముందు పంజరము వద్దకు పోయి ఐదు అతిచారములను ఒక్కొక్కటిగా తలచుకొనుగాక. చోటు చాలునా, భయము కలుగునా, అవయవమునకు హాని కలదా, ఎండయు కుదుపును ఓర్వగలదా, మేతయు నీరును అందునా అని విచారించుగాక. ప్రక్కయింటివారికి అప్పగించినచో వారి కష్టమును సైతము తన లెక్కలోనే వ్రాసికొనుగాక. ఈ ఐదు ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానము దొరికిననాడు నిశ్చింతగా తాళము వేయవచ్చును. దొరకనినాడు తాళపుచెవిని తిరిగి గోడమేకునకు తగిలింపవచ్చును.